శుక్రవారం ఫైలు

హార్గిస్ కౌంటీ కోర్టులో రికార్డుల కౌంటరు వెనక ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. నా పేరు నాడీన్ క్రాబ్‌ట్రీ. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నిజమే, కాదు. రోజుకు నలభై మంది వచ్చి బాత్రూమ్ ఎక్కడని అడిగే చోట కూర్చుంటే మీ నోట్లోంచి మాత్రం తేనె కారుతుందా?

నా పనిలో సగం అందరికీ కనిపించేదే. విడాకుల కాగితాలు, అప్పు దావాలు, ఇల్లు ఖాళీ చేయించే కేసులు తీసుకోవడం, నంబరు వెయ్యడం, అడిగినవాళ్ళకి నకళ్ళు తీసి ముద్ర కొట్టి ఇవ్వడం. మిగతా సగం ఎవరికీ కనిపించదు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, ఆ వారం జడ్జి ముందుకొచ్చిన కేసులన్నీ ఒక ఫైలుగా కట్టి పదకొండు కంపెనీలకు పంపాలి. మీట నొక్కితే పోతుంది. వాళ్ళు మా దగ్గర కొని, ఇళ్ళ యజమానులకీ ఉద్యోగాలిచ్చేవాళ్ళకీ మారుబేరానికి అమ్ముకుంటారు. కోర్టు రికార్డు జనానిది కాబట్టి చట్టం ఒప్పుకుంది. జనమంటే చర్చిలో పక్క బల్ల మీద కూర్చునేవాళ్ళని నేననుకునేదాన్ని. వాళ్ళయితే నా కౌంటరు దాకా వచ్చి, నా మొహం చూసి, పుస్తకం తిరగేసి పోవాలి. ఈ పదకొండు మందిలో ఒక్కడి మొహం కూడా నేనెన్నడూ చూడలేదు.

ఫైల్లో చివరి గడి "ఫలితం". దాన్ని ఆ వారం ఖాళీగానే పంపుతాం. జడ్జిగారి తీర్పులు పైనుంచి దిగి, టైపై, ఆ గడి నిండేసరికి ఇంకో వారం పడుతుంది. అప్పుడు సవరణలు పంపుతాం.

ఇంకో పద్ధతి కూడా ఉంది మాకు. జడ్జి ఏదైనా కేసును సీలు చెయ్యమంటే, ఇక ఆ కేసు పుట్టనట్టే. కాగితాలు లోపలి గదిలో ఇనప బీరువాలోకి పోవాలి, కంప్యూటర్లోంచి పేరు పోవాలి. బీరువా తాళంచెవి మా పెద్ద గుమాస్తా డెల్మర్ ఆస్‌గుడ్ జేబులో ఉంటుంది. ఓట్లతో గెలిచిన మనిషాయన. ఆయనకి ముందు వాళ్ళ నాన్న గెలిచాడు. వాళ్ళ నాన్న నెలకోసారి, మొదటి సోమవారం నాడు బీరువా తెరిచేవాడు. కొడుకుదీ అదే ఆచారం. మధ్యలో వచ్చిన సీలు ఉత్తర్వులు నా బల్ల మీద నీలం ట్రేలో పడి ఉంటాయి. తొందరుందని అడిగితే తాళంచెవి ఇస్తాడు గానీ, అడిగిన పాపానికి వారం రోజులు మొహం ముటముటలాడిస్తాడు. అందుకని ఎవరం అడగం.

అక్టోబరులో ఒక సోమవారం, ఇంకా నా కాఫీ సగం కూడా తాగలేదు, ట్వైలా టాకెట్ వచ్చింది. ప్రాథమిక పాఠశాల వంటింట్లో పని చేస్తుంది. జుట్టుకు కట్టే వల తీసేసింది గానీ దాని గీత నుదుటి మీద అలాగే ఉంది.

"మిస్ నాడీన్, నాకో కాగితం కావాలి. తొందరగా కావాలి."

"పొద్దున్నే వచ్చే ప్రతివాళ్ళదీ అదే పాట. ఏం కాగితం?"

"నా మీద వేసిన ఇంటి కేసు కొట్టేశారని. మీ ముద్రతో."

ఆమె ఎవరో, ఆ కేసేమిటో నాకు బాగా తెలుసు. కిందటి ఏడాది వసంతంలో ఇదే కౌంటరు ముందు నిలబడి ఏడ్చిన మనిషి. ఆమె చెల్లెలు మిస్టీ అద్దె కట్టడం మానేస్తే, ఇంటి యజమాని మిస్టీతో పాటు ట్వైలా పేరు కూడా కేసులో రాశాడు. ఎందుకయ్యా అంటే, పిల్లల్ని బడికి దింపడానికి రోజూ వచ్చే ఈమె కారు ఎప్పుడు చూసినా అక్కడే ఉండేదట. ఆ ఇంట్లో ఈమె ఏనాడూ కాపురం లేదని జడ్జిగారు తేల్చి, ఈమె మీది కేసు కొట్టేసి, సీలు చెయ్యమన్నారు.

ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మిస్టీ ఇప్పుడు జైల్లో ఉంది. దాని కూతుళ్ళు ఇద్దరు, తొమ్మిదేళ్ళ బ్రిన్లీ, అయిదేళ్ళ జోసీ. కౌంటీ వాళ్ళు నలభై మైళ్ళ అవతల ఎవరో పెద్దవాళ్ళ ఇంట్లో ఉంచారు. ఆ ముసలాయనకి గుండె ఆపరేషను, శనివారం తరవాత ఉంచుకోలేమన్నారు. శుక్రవారం రెండింటికి పిల్లల విచారణ. ఆ లోపల రెండు గదుల ఇంటికి అద్దె కాగితం చూపిస్తే పిల్లలు ట్వైలాకి వస్తారు. చూపించకపోతే ఇద్దర్నీ కలిపి ఉంచుకునే ఇల్లు కౌంటీ దగ్గర లేదు. తలో ఊరికి పంపిస్తారు.

"ఇప్పుడెక్కడుంటున్నావు?"

"మాతో పని చేసేదాని ట్రైలర్లో, సోఫా మీద. ఇల్లు దొరక్క కాదు మిస్ నాడీన్. సికమోర్ కొండ మీద కంపెనీ అద్దె ఇళ్ళు చూసుకునే వెర్నా దగ్గర ఖాళీ ఉంది, ఇస్తాననే అంటోంది. కానీ నా పేరు కొట్టగానే స్క్రీను ఎర్రగా వస్తోందట. కేసుంది, ఎలా ముగిసిందో తెలీదు అని. నాలుగు చోట్ల ఇదే వరస. ఆ స్క్రీను నడిపే కంపెనీకి ఫోన్ చేస్తే, కొట్టేసినట్టు కోర్టు నుంచి కాగితం తెమ్మన్నారు. ఒక్క కాగితం. అంతే."

నేను కాఫీ కప్పు పక్కన పెట్టాను. తరవాత చెప్పక తప్పని మాట చెప్పాను.

"ఆ పేరు మీద మా దగ్గర ఏ కేసూ లేదమ్మా."

ఆమె నవ్వింది. నేను హాస్యమాడుతున్నాననుకుంది.

"ఏ కేసూ లేదా? ఇదిగో, ఇక్కడే నిలబడ్డాను కదా! మీరే టిష్యూ పెట్టె ఇటు తోశారు. ఏడుపు చాలించవే, కొట్టేశారు కదా అని మీరే తిట్టారు!"

"ఆ పేరు మీద మా దగ్గర ఏ కేసూ లేదు."

"ఓరి దేవుడా! కేసు లేకపోతే వాళ్ళ స్క్రీన్లో ఎలా ఉంది మరి? నేను పెట్టుకున్నానా?"

సీలైన కేసు గురించి ఉందనీ చెప్పకూడదు, కొట్టేశారనీ చెప్పకూడదు. ఆమెకే కాదు, ఎవరికీ చెప్పకూడదు. ఆమెని కాపాడటానికే ఆ నియమం పెట్టారు. దాంతోనే ఇప్పుడు ఆమె మెడకి ఉరి పడింది. ఫోన్ నంబరు రాసిచ్చి పొమ్మన్నాను. పోతూ పోతూ అంది, "మీరు నోటిదురుసు మనిషే గానీ అబద్ధాలాడరని అనుకున్నాను మిస్ నాడీన్." ఆ మాట రోజంతా నన్ను కుట్టింది.

మధ్యాహ్నం నేనే ఆ కంపెనీకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ప్రెస్టన్ అనే అతను పలికాడు. మర్యాదస్తుడే పాపం.

"మీరు కొన్న ఫైల్లో ఒకటి ఉండకూడనిది ఉంది. తీసెయ్యండి," అన్నాను.

"తప్పకుండా మేడమ్. ఏది?"

"అది నేను చెప్పకూడదు."

"మరి దేన్ని తీసెయ్యమంటారు?"

"ఉండకూడనిదాన్ని."

"మేడమ్, మీ కౌంటీవే నా దగ్గర అరవై వేలున్నాయి. అందులో ఏది ఉండకూడదో మీరు చెబితే..."

"చెబితే నా ఉద్యోగం పోతుంది నాయనా!"

"మీరు చెప్పకుండా నేను ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది మేడమ్." అతనికీ నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపొచ్చింది.

అసలు అది వాళ్ళకెలా చేరిందన్న పురుగు అప్పుడు తొలిచింది నన్ను. సీలైన కేసు ఫైల్లోకి ఎక్కదు కదా! పాత డైరీ తీసి చూశాను. జడ్జిగారు సీలు ఉత్తర్వు మీద సంతకం పెట్టింది బుధవారం. అదే బుధవారం సాయంత్రం నా నీలం ట్రేలో పడింది. శుక్రవారం నాలుగింటికి ఫైలు పోయింది, నా చేత్తోనే పోయింది. అందులో ఆమె పేరుంది, ఫలితం గడి ఖాళీగా ఉంది. పదిరోజుల తరవాత, మొదటి సోమవారం నాడు, డెల్మర్ బీరువా తెరిచాడు, కేసు లోపలికి పోయింది. లోపలికి పోయిన కేసుకి సవరణ పంపకూడదు కాబట్టి ఆ గడి అలాగే ఖాళీగా ఉండిపోయింది. గురువారం నాడు నేను లేచి, పది అడుగులు వేసి, డెల్మర్‌ని తాళంచెవి అడిగి ఉంటే ఇదేమీ లేదు. ఎందుకడగలేదో కూడా డైరీలోనే ఉంది. గురువారం కింద "డెల్మర్, చేపల విందు" అని రాసుకున్నాను. విందు పూట ఆయన మొహం మాడ్చుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, ఆ పూజారిని నేనే.

మంగళవారం చట్టం పుస్తకం తిరగేశాను. ఒక దారి కనిపించింది. సీలైన కేసును తెరవమని, ఆ కేసున్న మనిషే అడగొచ్చు. తెరిస్తే నేను నకలు ఇవ్వొచ్చు. దానికో ఫారం కూడా ఉంది. ఇరవై రెండేళ్ళలో ఎవరూ ఆ ఫారం అడగలేదు. ఎవరడుగుతారు? ట్వైలాకి ఫోన్ చేసి రమ్మన్నాను. కేసు మాట ఎత్తకుండా ఫారం ముందు పెట్టి, "ఇది చదువుకో, నేనేం చెప్పడం లేదు," అన్నాను.

చదివింది. రెండోసారి చదివింది.

"అంటే నా మీద వేసిన బురదని జడ్జి కడిగేస్తే, మళ్ళీ పూయండి బాబూ అని నేనే బతిమాలుకోవాలా?"

"నేనేం చెప్పడం లేదు."

"పూయించుకుంటే ఇల్లొస్తుందా?"

"ఫలితం గడి నిండుతుంది. అది మాత్రం నిజం."

పెన్ను తీసుకుంది. వంటింట్లో పనిచేసిన చేతులు, వేళ్ళ మీద కాలిన మచ్చలు. సంతకం పెడుతూ, "జోసీ చీకట్లో బాత్రూమ్‌కి ఒక్కతే పోదు మిస్ నాడీన్. అక్క చొక్కా అంచు పట్టుకుని పోతుంది. వాళ్ళని విడగొడితే దాని గతేం కాను?" అంది. నాకు పిల్లలు లేరు. ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో అంతగా తెలీదు. "సరిగ్గా గీత మీద పెట్టు సంతకం," అన్నాను.

బుధవారం జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. డెల్మర్ గొణుక్కుంటూ బీరువా తెరిచాడు. నేను ఫలితం గడిలో "కొట్టివేత" అని టైపు చేశాను, నకలు తీశాను, ముద్ర కొట్టాను, ప్రెస్టన్‌కి ఫ్యాక్స్ చేశాను. గురువారం పొద్దున అతనే ఫోన్ చేసి, "ఎక్కించేశాం మేడమ్," అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక్కదాన్నే డైనర్‌కి, మా ఊరి చిన్న హోటలుకి పోయి బీన్సూ మొక్కజొన్న రొట్టే తిన్నాను. చాలా రోజుల తరవాత అన్నం ఒంటబట్టినట్టనిపించింది.

శుక్రవారం తొమ్మిదింటికి ట్వైలా కౌంటరు ముందుంది. విచారణ కోసమని మంచి జాకెట్టు వేసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకా ఎరుపే," అంది.

"నీ మొహం! ఎలా ఎరుపు? కొట్టేశారని ఎక్కించాడు కదా!"

"కొట్టేశారనే ఉందట. కానీ తేదీ ఈ బుధవారం అని ఉందట. ఏడాది లోపల కోర్టులో కదిలిన కేసుంటే వాళ్ళు ఇల్లివ్వకూడదట, అది వెర్నా కంపెనీ రూలు. కిందటివారం దాకా ఏడాదిన్నర నాటి పాత కేసు మిస్ నాడీన్. ఇప్పుడు పచ్చి కేసయింది."

కేసును తెరిచిన రోజే దాని కొత్త తేదీ. మా కంప్యూటరు దానంతటదే వేసుకుంటుంది, ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, అయినా నా బుర్రకి తట్టలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు, ఆ రోకలి కూడా నాదే.

"వెర్నా ఇంకో మాట చెప్పింది," అంది ట్వైలా. "కోర్టువాళ్ళు తమ మాటల్లో వివరంగా రాసి, ముద్ర కొట్టిస్తే స్క్రీను పక్కన పెట్టొచ్చట. పైవాళ్ళు ఒప్పుకుంటారట. ఈ కేసు ఎప్పటిది, ఈ తేదీ ఎందుకొచ్చింది, అంతే. నాలుగు ముక్కలు. మధ్యాహ్నం లోపల ఇస్తే సంతకాలు పెట్టేద్దామంది."

నకళ్ళ మీద ముద్ర కొట్టే హక్కు నాది. సొంత మాటల మీద ముద్ర కొట్టే హక్కు డెల్మర్ ఒక్కడిది. నేను కొడితే నేరం. ఆయన గదిలోకి పోయి అంతా చెప్పాను. నీలం ట్రే సంగతి కూడా దాచలేదు.

డెల్మర్ తలుపు మూశాడు. "నీకు మతి పోయిందా నాడీన్? మా తప్పు వల్ల అమ్మేశాం అని ముద్ర కొట్టి ఇస్తామా? రేపు లాయర్లు వరస కడతారు. మొదటి సోమవారం లెక్కన ఇలాంటివి ఇంకెన్ని పోయుంటాయో నీకు తెలుసా?"

"తెలీదు. నీకు తెలుసా?"

"నాకు తెలుసుకోవాలని లేదు. నువ్వూ తెలుసుకోకు. పింఛనుకి ఎన్నాళ్ళుంది?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు నోరు మూసుకు కూర్చో. నువ్వు నా స్నేహితురాలివి కాబట్టి చెబుతున్నాను."

మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి నాకు. ఆపరేషన్ ఆ పింఛనుతో వచ్చే ఇన్సూరెన్సు మీదే. మొగుడు పోయి ఆరేళ్ళయింది. ఇవన్నీ నేను సాకులుగా చెప్పడం లేదు, ఆ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నా బుర్రలో తిరిగినవి చెబుతున్నాను. బయటికొచ్చి, "పెద్దాయన కుదరదన్నాడు తల్లీ," అన్నాను. నా చెయ్యి పక్కనే ముద్ర ఉంది. ట్వైలా దానికేసి చూసింది, నాకేసి చూసింది. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

పిల్లల విచారణలు చూసే జడ్జి వేరే. స్టెగాల్ అని, శుక్రవారాలు పక్క కౌంటీ నుంచి వస్తాడు. ఆయనకి ఫైళ్ళ కట్టలు మోసేది నేనే కాబట్టి, రెండింటికి నేనూ ఆ గదిలో పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. పిల్లల్ని బయట వరండాలో కూర్చోబెట్టారు.

"అద్దె కాగితం తెచ్చారా?" అన్నాడు జడ్జి.

"ఇల్లుంది సర్. స్క్రీన్లో నా పేరు తప్పుగా..." ట్వైలా చెప్పబోయింది.

కౌంటీ లాయరు లేచాడు. "మేమూ చూశాం సర్. ఆమె మీద ఇల్లు ఖాళీ చేయించే కేసుంది, ఈ వారం తేదీతో."

జడ్జి నావైపు తిరిగాడు. "మిసెస్ క్రాబ్‌ట్రీ, మీ రికార్డు ఏమంటోంది?"

"కేసు కొట్టేశారని ఉంది సర్."

"తేదీ?"

"ఈ బుధవారం సర్."

"ఇంకేమైనా చెప్పాలా?"

రెండు జవాబులూ నిజాలే. ట్వైలా నన్నే చూస్తోంది. వెనక వరసలో డెల్మర్ వచ్చి కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకుని. చెప్పి ఉంటే ఆ జడ్జి ఏం చేసేవాడో నాకు తెలీదు. ఒక వారం గడువిచ్చేవాడేమో, పిల్లల్ని కలిపే ఉంచే ఏర్పాటేదో చూడమనేవాడేమో. తెలుసుకునే అవకాశం నేనివ్వలేదు.

"ఏమీ లేదు సర్," అన్నాను.

జడ్జి ఏం కసాయివాడు కాదు. కళ్ళజోడు తీసి, "కేసు సంగతి అటుంచమ్మా. పిల్లలు ఈ రాత్రి పడుకోడానికి చోటేదో కాగితం మీద చూపించకుండా నేను పంపలేను. నెల రోజులు గడువిస్తున్నాను. ఇల్లు దొరికితే రండి," అన్నాడు. ఆ నెల రోజులూ పిల్లలు ఎక్కడుంటారో కౌంటీ లాయరు చదివాడు. రెండు పేర్లు, రెండు ఊళ్ళు.

వరండాలోకి వచ్చాం. ఇద్దరు కౌంటీ ఉద్యోగినులు చెరో పిల్ల సంచీ పట్టుకుని నిలబడ్డారు. పెద్దది బ్రిన్లీ మమ్మల్ని చూడగానే కనిపెట్టేసింది. ఏడవలేదు. చిన్నదాని జాకెట్టు గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. "నేను ముందు పోయి చూసొస్తానే జోసీ, నువ్వు తరవాత వద్దువుగాని," అని చెబుతోంది. జోసీ అక్క చొక్కా అంచు రెండు చేతులతో పట్టుకుంది. ఉద్యోగిని ఒక్కొక్క వేలే విడదీసింది. మంచిగానే విడదీసింది, మెల్లగా, బుజ్జీ, తల్లీ అంటూ. మెట్ల దాకా ఆ పిల్ల అరుపు వినిపించింది. తరవాత కారు తలుపు వేసిన చప్పుడు.

ట్వైలా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను దగ్గరికి పోయాను. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"తప్పు నాది," అన్నాను. "బుధవారం ఉత్తర్వొస్తే నా ట్రేలో పెట్టుకున్నాను. శుక్రవారం అమ్మేశాం. మధ్యలో ఒక్క రోజు లేచి ఆ తాళంచెవి అడిగి ఉంటే నీకీ గతి లేదు. ఇందాక జడ్జి అడిగినప్పుడూ చెప్పలేదు. భయమేసింది."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకు మీ ఏడుపు వద్దు మిస్ నాడీన్," అంది. "కాగితం కావాలి."

కిందికి దిగాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయో లేదో గుర్తు లేదు. కౌంటీ పేరున్న కాగితం తీసి టైపు చేశాను. ఈ మనిషి ఆ ఇంట్లో ఏనాడూ కాపురం లేదు. కేసు కిందటి ఏడాదే కొట్టేశారు. సీలు చెయ్యమని జడ్జి ఉత్తర్వు వేసిన రెండో రోజున ఈ కార్యాలయం ఆ రికార్డును అమ్మింది. ఈ బుధవారం తేదీ ఈ కార్యాలయం వల్ల పడింది, ఈమె వల్ల కాదు. కింద నా పూర్తి పేరు రాసి, ముద్ర కొట్టాను. లోతుగా దిగాలని రెండు చేతులతో నొక్కాను.

డెల్మర్ వచ్చి చూసే వేళకి కాగితం ట్వైలా సంచీలో ఉంది. "ఏం చేశావు?" అన్నాడు.

"పొద్దున చెయ్యాల్సింది చేశాను," అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని నాకూ తెలుసు.

వెర్నా మాట మీద నిలబడింది. ఆ కాగితం పైవాళ్ళకి పంపి, సోమవారం నాడు ఇంటి తాళాలు ట్వైలా చేతిలో పెట్టింది. ఇల్లొచ్చింది కాబట్టి పిల్లలు మంగళవారానికే వస్తారని నేననుకున్నాను. రెండు ఊళ్ళు, రెండు కౌంటీలు, ఇద్దరు ఉద్యోగినులు, ఇల్లు చూసిపోవడానికి ఒకరు, ఆ చూసినదాని మీద సంతకానికి ఇంకొకరు. మొత్తం పదిహేడు రోజులు పట్టింది. ఆ పదిహేడు రోజులూ అక్కాచెల్లెళ్ళు ఒకరి గొంతు ఒకరు వినలేదు.

నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపించేశారు. అనుమతి లేకుండా కౌంటీ ముద్ర వాడినందుకు కేసు పెట్టారు. నేరం ఒప్పుకున్నాను, చేశాను కదా మరి. జైలు వెయ్యలేదు, జరిమానాతో వదిలేశారు. పింఛను పోయింది. నా కేసు జడ్జి ముందుకొచ్చిన వారం, శుక్రవారం నాలుగింటికి, నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి మీట నొక్కింది. ఆ పని దానికి నేర్పింది నేనే. తరవాత పశువుల దాణా కొట్లో లెక్కలు రాసే పని ఉందంటే వెళ్ళాను. ఆ కొట్టాయన నన్ను నలభై ఏళ్ళుగా ఎరుగును. స్క్రీను చూసి, మెడ గోక్కుని, "నాకేం పట్టింపు లేదు నాడీన్, కానీ మా ఇన్సూరెన్సు వాళ్ళు..." అన్నాడు. అతనికి నేనేం చెప్పగలను? ఆ మాట కౌంటరు ఇవతలి నుంచి నేనెంతమందికి చెప్పలేదు! ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరు ముసలమ్మలకి వండి పెట్టి, నాలుగు డాలర్లు తెచ్చుకుంటున్నాను. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఆదివారాలు ట్వైలా భోజనానికి పిలుస్తుంది. క్షమించిందో లేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. కంచంలో వడ్డిస్తుంది, తింటాను. కిందటి ఆదివారం బ్రిన్లీ బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది, ఎడమ చేత్తో. అదేమిటే, నువ్వు కుడిచేతి వాటం దానివి కదా అన్నాను. అది కుడిచెయ్యి కదిలించకుండా గడ్డంతో కిందికి చూపించింది. బల్ల కింద జోసీ బొమ్మలతో ఆడుకుంటోంది. మిట్టమధ్యాహ్నం, ఇంటి నిండా ఎండ, అందరం అక్కడే ఉన్నాం. అయినా ఒక చేత్తో బొమ్మని ఆడిస్తూ, రెండో చేత్తో అక్క చొక్కా కుడిచెయ్యి పట్టుకునే ఉంది.

"వదలదు," అంది బ్రిన్లీ, ఫిర్యాదులా కాదు. "బళ్ళో కూడా మా క్లాసు తలుపు దాకా వస్తుంది. అందుకే నేను ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాను."